మూత తీస్తే లెక్క మారిపోతుంది

బాల్ మిల్ (స్టీలు బంతి వేసిన జార్‌ని ఊపి పొడుల్ని నూరే యంత్రం) ఆపి జార్ మూత తిప్పగానే ముందు వచ్చేది వాసన. వెనిలిన్ కదా, గదంతా ఐస్‌క్రీమ్ వాసనే. లోపల తెల్లటి పొడి వేశాను, ఇప్పుడేమో పసుప్పచ్చటి ముద్ద, స్టీలు బంతి చుట్టూ రబ్బరు తొడుగులా పట్టేసి ఉంది. స్పాచులాతో గట్టిగా గీకితే గానీ ఊడిరాలేదు.

వెనిలిన్, బార్బిట్యూరిక్ యాసిడ్ రెండూ పొడులే. సాల్వెంట్ (పదార్థాల్ని కరిగించే ద్రవం) చుక్క కూడా వేయకుండా జార్‌ని సెకనుకి 30 సార్లు ఊపుతూ బంతితో కొట్టిస్తే రెండూ కలిసి కొత్త పదార్థం అవుతుంది, పక్కన వచ్చేది కాసిన్ని నీళ్లు, అంతే. మామూలు పద్ధతిలో మందు తయారుచేస్తే మిగిలే వ్యర్థంలో సింహభాగం సాల్వెంటే. హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు, బొల్లారం చెరువులు ఏమయ్యాయో చూసినవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో తెలియదు. స్టీలు జార్ లోపల ఏం జరుగుతోందో బయటికి కనపడదు, చప్పుడు తప్ప. అందుకని పది నిమిషాలకోసారి ఆపి, మూత తీసి, చిటికెడు పొడి తీసి పరీక్ష చేసేదాన్ని. అలా నెల రోజులు చేశాక చూస్తే ఏ రెండు గ్రాఫులూ కలవలేదు. మధ్యలో తెరవకుండా నడిపిన జార్‌లో పని చాలా ముందే అయిపోతోంది, తెరిచి చూసినదాంట్లో సాగుతూనే ఉంది. చాలా టెన్షన్ పడ్డాను, తూకంలో తప్పు చేశానేమోనని అన్నీ మళ్లీ తూచాను. తప్పు తూకంలో లేదు. బంతికి పట్టిన ఆ ముద్దే రియాక్షన్‌ని పరుగెత్తిస్తోంది, నేనేమో శాంపిల్ కోసం ప్రతిసారీ దాన్ని గీకి, మళ్లీ పొడి చేసి లోపల పడేస్తున్నాను! బెల్‌ఫాస్ట్‌లో స్టువర్ట్ జేమ్స్ బృందం సరిగ్గా ఈ రెండు పదార్థాల మీదే 2017లో పేపర్ వేసింది: మొదట్లో నత్తనడక, ముద్ద కట్టాక ఒక్కసారిగా వేగం. అది ముందే చదివి ఉంటే నెల మిగిలేది.

మూత తీయకుండా చూడటానికి దారి వేసింది ఫ్రిష్చిచ్, హలాస్ వాళ్ల బృందం. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) స్టీలు బదులు యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ జార్ పెట్టి, మిల్ నడుస్తుండగానే చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలని జార్ గుండా పంపించారు. జార్‌లో వేసిన జింక్ ఆక్సైడ్ పీకులు (గ్రాఫులో ఒక్కో పదార్థాన్ని గుర్తుపట్టించే శిఖరాలు) తగ్గుతుంటే కొత్త పదార్థం పీకులు లేవడం సెకన్ల లెక్కన కనపడింది. ఆ పేపర్ 2013లో వచ్చింది. 2015లో వచ్చిన ఇంకో పేపర్ నాకు మరీ ఇష్టం. అందులో జిఫ్-8 అనే పదార్థం తయారైంది, నూరుతూనే ఉంటే దాని పీకులన్నీ మాయమయ్యాయి, అంటే స్ఫటికం కాస్తా చెదిరిపోయింది, ఆ తర్వాత అందులోంచే అంతకుముందు ఎవరూ చూడని కొత్త స్ఫటికం లేచింది. దానికి కాట్సెనైట్ అని పేరు పెట్టారు. చివర్లో ఒకేసారి మూత తీసి ఉంటే మధ్యలో అదొకటి వచ్చి వెళ్లిందని కూడా తెలిసేది కాదు.

సింక్రోట్రాన్ అందరికీ దొరకదు. రామన్ స్పెక్ట్రోస్కోపీ పరికరం అయితే ల్యాబ్‌లోనే పెట్టుకోవచ్చు, జార్ కింద నుంచి లేజర్ వేసి చెదిరి వచ్చిన కాంతిని చదవడమే. ఇబ్బందులు లేకపోలేదు. యాక్రిలిక్‌కి సొంత పీకులు ఉంటాయి, వాటిని తీసేయాలి. కొన్ని పదార్థాలు లేజర్ పడగానే మెరిసి, చిన్న పీకులన్నిటినీ ముంచేస్తాయి. పైగా యాక్రిలిక్ స్టీలంత గట్టిది కాదు, వేడి కూడా వేరేగా పోతుంది, కాబట్టి అందులో వచ్చిన టైమ్‌ని స్టీలు జార్‌కి అలాగే అంటగట్టకూడదు. ఈ మాట పేపర్లలో ఇంకా గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

ఈ పని చేస్తుంటే నాకు ఆయుర్వేదంలోని కజ్జలి గుర్తొస్తుంది. పాదరసం, గంధకం కల్వంలో వేసి నల్లగా అయ్యేదాకా నూరుతారు. (పాదరసం విషం, ఇంట్లో ముట్టుకోవద్దు.) అయిపోయిందని ఎలా తెలుస్తుంది? కాస్త పొడి అరచేతిలో వేసి, నీటిచుక్కతో రుద్ది ఎండలో పట్టి చూస్తారు. ఎక్కడా తళుకు ఉండకూడదు, ఉంటే పాదరసం ఇంకా మిగిలి ఉన్నట్టే. దాన్ని నిశ్చంద్రం అన్నారు. మిగిలిన పాదరసాన్ని వెతికే పరీక్ష అది. నేను స్క్రీన్ మీద మిగిలిన వెనిలిన్‌ని వెతుకుతున్నాను.

మొన్న మొదటిసారి యాక్రిలిక్ జార్‌లో అదే వెనిలిన్ వేశాను. చాలాసేపు గీత కదల్లేదు. తర్వాత వెనిలిన్ ఆల్డిహైడ్ పీక్ మెల్లగా కుంగడం మొదలైంది, తలెత్తి చూస్తే జార్ గోడ అవతల పసుపు రంగు పాకుతోంది. మూత మీద చెయ్యి పెట్టలేదు. పీక్ పూర్తిగా పడుకునేదాకా కూర్చునే ఉన్నాను.