కంటి కింద నీడ

"ఏంటక్కా, ఏడ్చావా?"

వీడియో కాల్ కలవగానే మా చెల్లెలు అడిగిన మొదటి మాట. నేనేమీ ఏడవలేదు. రాత్రి సుబ్బరంగా నిద్రపోయాను కూడా. కానీ తెర మూలన చిన్న గడిలో కనబడుతున్న నా మొహం చూస్తే నాకే జాలేసింది. కళ్ల కింద ఎవరో బొటనవేలితో మసి పులిమినట్టు రెండు మరకలు. ఫోన్ పెట్టేసిన పావుగంటకి ఐ క్రీమ్ ఆర్డర్ పెట్టేశాను.

నాది ప్రూఫులు దిద్దే పని. 20 ఏళ్లుగా పరాయివాళ్ల తప్పులు పట్టుకుని బతుకుతున్నదాన్ని, డబ్బా ముందున్న పెద్దక్షరాలు నమ్మేసి, వెనకున్న చిన్నక్షరాల జోలికే పోలేదు.

మొదట కొన్నది కెఫీన్ జెల్. 15 మిల్లీలీటర్ల బుల్లి ట్యూబు, మూతి దగ్గర దొర్లే లోహపు గుండు. పొద్దున్నే అది చల్లగా తగులుతుంటే ప్రాణం లేచొచ్చేది. ఉబ్బు కాస్త దిగేది, మధ్యాహ్నానికి మసి మళ్లీ హాజరు. కెఫీన్ రక్తనాళాల్ని కాసేపు కుదిస్తుంది, అంతకుమించి దాన్నుంచి ఆశించకూడదు. ఆ మాత్రం ఘనతలో కూడా సగం ఆ గుండుదేనని నా అనుమానం. ఒకరోజు చెంచా ఫ్రిజ్‌లో పెట్టి కంటికింద ఆన్చుకున్నాను, జెల్‌కీ దానికీ తేడా ఏమీ తెలియలేదు. రాత్రంతా వెల్లకిలా పడుకుంటే కంటిచుట్టూ నీరు చేరుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే అదే దిగుతుంది.

రెండోది రెటినాల్, ముడతలకి రాసే విటమిన్ ఎ రకం. ఇక్కడ నా తెలివి చెప్పుకోవాలి. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టమని కాగితంలో రాసుంది. నేను రోజూ రాశాను. కంటి గుంట చుట్టూ వేలికి తగిలే ఎముక మీదే రాయమంది. నేను కింది రెప్ప వెంట్రుకల దాకా తీసుకెళ్లాను, మసి అక్కడే ఉందిగదా అని. ఒంట్లో అన్నిటికంటే పలచని చర్మం రెప్పదే, మిల్లీమీటరు మందం కూడా ఉండదు, నూనె గ్రంథులూ తక్కువే. అదీకాక రాసింది రాసినచోటే ఉండదు. ఒంటి వేడికి కరిగి, రెప్పలు ఆడిస్తుంటే లోపలికి పాకుతుంది. అయిదో రోజు పొద్దున కళ్లు తెరవబోతే చర్మం బిగుసుకుపోయి చుర్రుమంది. అద్దంలో చూస్తే కళ్ల కింద ఉల్లిపొర లాంటి పొట్టు రేగి ఉంది. నవ్వితే పగులుతోంది. పదిరోజుల పాటు నీళ్లు, ఉత్త పెట్రోలియం జెల్లీ, అంతే. ఆ జెల్లీ కూడా రెప్పల దాకా పట్టించానేమో, కళ్లు మసకబారి రెండు పేరాలు దిద్దలేకపోయాను. (గర్భిణులు రెటినాల్ జోలికి పోకూడదు. ఆ మాట మాత్రం కాగితంలో పెద్దక్షరాల్లోనే ఉంది.)

ఆ పదిరోజుల్లో చేసేందుకు ఏమీ లేక అద్దం చేత్తో పట్టుకుని కిటికీకి ఎదురుగా నిలబడ్డాను. గడ్డం పైకెత్తాను. మసి లేదు! దించాను. ఉంది. మళ్లీ ఎత్తాను, లేదు. నేను పనిచేసే బల్ల మీద దీపం సరిగ్గా నా నెత్తిన వేలాడుతుంది. ముక్కు పక్కనుంచి బుగ్గ మీదికి దిగే పల్లంలో దాని నీడ పడుతోంది. వయసుతో బుగ్గ కొవ్వు కాస్త జారింది, పల్లం లోతైంది. నేను ఇన్నాళ్లూ క్రీమ్ రాస్తున్నది నీడకి.

మా చెల్లెలి సంగతి వేరు. తనది గోధుమరంగు మరక. చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగినా, వెలుతురు ఎటు తిప్పినా అలాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ దుమ్ము ఎలర్జీ, కళ్లు నులిమి నులిమి తెచ్చుకున్న రంగు. తనకి నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం), విటమిన్ సి లాంటివి నెలల తరబడి రాస్తే కొంత ఫలితం ఉండొచ్చు, అదీ నులమడం మానేస్తేనే. ఇంకొందరికి పలచని చర్మం కిందనుంచి రక్తనాళాలు నీలంగా కనబడతాయి. మూడింటినీ డార్క్ సర్కిల్స్ అనే ఒక్క పేరుతో పిలిచి ఒకే డబ్బా అమ్ముతారు. అదీ నా ఫిర్యాదు.

ఇంతలో పైరెప్పలు దురద మొదలుపెట్టాయి. ఎర్రగా, గరుకుగా. అప్పటికి క్రీములన్నీ మానేశాను, మేకప్పూ లేదు, అయినా తగ్గదే! రెండు నెలలు చూసి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా కళ్లవైపు ఒక్కసారి చూసి, "మీ చేతులు చూపించండి" అన్నారు. చూపించాను. గోళ్లకి నిగనిగలాడే ఎర్రరంగు. "ఎన్నాళ్లుగా వేస్తున్నారు?" ఎన్నో ఏళ్లుగా, వారం వారం. కొన్ని గోళ్ల రంగుల్లో టాసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ అనే జిగురులాంటిదొకటి వాడుతుంటారట. అది పడనివాళ్లకి వేళ్లు బాగానే ఉంటాయి, ఆ వేళ్లు మాటిమాటికీ తగిలే పలచటి రెప్పలు మాత్రం ఎర్రబడతాయి. వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేస్తే ఆ రెజిన్ పెట్టిన చోటే ఎర్రగా పొంగింది. రంగు మానేశాను. నెల తిరగకుండా రెప్పలు మామూలయ్యాయి. కళ్లజోడు ఎత్తి రెప్ప మీద వేలు పెట్టి ఆలోచించే అలవాటు నాకుందని కూడా అప్పుడే గమనించాను.

ఇప్పుడు డబ్బాల వెనక భూతద్దం పెట్టి చదువుతాను. పదార్థాల జాబితాలో ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది తర్వాత. ఒక శాతం కంటే తక్కువైనవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అందుకే పొగిడి చెప్పిన పువ్వు సారం, పిసరంత వేసే సువాసన తర్వాత కనబడితే ట్యూబు మళ్లీ అరలో పెట్టేస్తాను. సువాసన ఉంటే ఎలాగూ కంటి దగ్గరికి రానివ్వను. రెటినాల్ వెడల్పు మూతి డబ్బాలో అమ్ముతుంటే కొనను, గాలి, వెలుతురు తగిలితే దాని పస పోతుంది. కొత్తది ఏదైనా నాలుగైదు రోజులు మోచేతి మడతలో రాసి చూస్తాను. ఇక ప్రత్యేకంగా ఐ క్రీమ్ అంటారా, సువాసన లేని నా మామూలు మొహం క్రీమే కంటిచుట్టూ కూడా రాస్తున్నాను. ఒక్కో కంటికి బియ్యపుగింజంత, ఉంగరం వేలితో అద్దడం, రుద్దడం లేదు. సన్‌స్క్రీన్ దగ్గరే కాస్త ఇబ్బంది పడ్డాను. పాతది చెమటతో కంట్లోకి దిగి మండేది. జింక్ ఆక్సైడ్‌ది తెచ్చాక మంట పోయింది, కానీ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. కళ్లజోడు ఫ్రేము దాన్ని కొంత కప్పుతుంది, సర్దుకున్నాను.

మొన్న మళ్లీ వీడియో కాల్.

"కళ్ల కింద భలే తగ్గిందే! ఏం రాస్తున్నావక్కా?"

"దీపం జరిపాను. నెత్తిమీద నుంచి ఎదురుగా పెట్టాను."

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదను" అని మూతి ముడుచుకుంది. ఇంకో రెండుసార్లు అడిగి, ఆ క్రీమ్ లింక్ పంపమని మెసేజ్ కూడా పెట్టింది. దీపం ఫోటో తీసి పంపాను.