సాంభర్‌లో మెడ వాల్చిన బాతులు

2019 నవంబర్‌లో జైపూర్‌లో ఉండేవాణ్ని. సాంభర్ ఉప్పు సరస్సు దగ్గర పక్షులు కుప్పలుగా చచ్చిపోతున్నాయంటే ఓ ఆదివారం సాయానికి వెళ్లాను.

బురదలో ఓ షవలర్ బాతు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తోంది. రెక్క లేవదు, కాలు కదలదు, మెడ మాత్రం మెల్లగా నీళ్లలోకి వాలిపోతోంది. ఇలా తల ఎత్తలేక మునిగి చచ్చేవే చాలా ఉంటాయట.

ముందు అందరూ బర్డ్ ఫ్లూ అనుకున్నారు. భోపాల్ ల్యాబ్ కాదంది. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ బోట్యులిజం అని తేల్చింది. అంటే బ్యాక్టీరియా వదిలే విషంతో వచ్చే జబ్బు. చచ్చిన పక్షికి పురుగులు పడతాయి, వాటినా విషం ఏమీ చెయ్యదు. వాటిని తిన్న పక్షి పడిపోతుంది, దానికి మళ్లీ పురుగులు. అందుకే ముందు కళేబరాలు ఏరెయ్యాలి. మా పనీ అదే: గ్లౌజులు, మాస్కు, సంచి. కంపు సంగతి వద్దులెండి, భోజనం చేస్తూ చదివేవాళ్లుంటారు.

ప్రభుత్వ లెక్కే 18 వేలు దాటింది. ఏరడం ఇంకా ముందే మొదలైతే ఇంత అయ్యేది కాదని నా గట్టి అభిప్రాయం.

మాది సూళ్లూరుపేట. పులికాట్‌కి ఫ్లెమింగోలు వచ్చే వేళ. "ఇక్కడికీ వస్తుందేంట్రా?" అని అమ్మ కంగారు. ఇది గాలికి పాకేది కాదమ్మా అన్నాను. నమ్మినట్టే ఉంది, చికెన్ మాత్రం కొన్నాళ్లు మానేసింది.