ఆ నలభై సెకన్ల వీడియో

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి నాలుగు అడుగులు వేస్తే మా జిరాక్స్ షాపు. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇక్కడే తీయించుకుంటారు. కష్టం వచ్చినా ఇంటివాళ్లు ముందు ఇక్కడికే వస్తారు.

పోయిన ఏడాది వేసవిలో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన వాళ్లక్క బాత్రూమ్‌లో తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మాట్లాడింది. "జీతం ఇవ్వట్లేదురా. పాస్‌పోర్టు మామా దగ్గరే ఉంది. నన్ను తీసుకెళ్లిపోండి." యజమానురాలిని అక్కడ మామా అంటారు. వెనక గోడకి పచ్చ తువ్వాలు.

ఏడుపొచ్చేసింది. వెంటనే ఆ వీడియో తెలిసిన గ్రూపులన్నింటిలో పెట్టేశాను. రాత్రికల్లా కువైట్‌లో మనవాళ్ల ఫోన్లకీ చేరింది. అక్కడెవరో ఆ ఇంటివాళ్లకే చూపించారు. మర్నాటి నుంచి అక్క ఫోన్ స్విచ్చాఫ్.

పదకొండు రోజులు. వాళ్లమ్మ మా షాపు ముందు బల్ల మీదే కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు.

వీడియోకి బలం లేదనను. 2024 జూలైలో మన కోనసీమ మనిషి ఖతర్‌లో పని అని వెళ్లి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర చిక్కుకున్నాడు. వీడియో పెడితే మంత్రి లోకేశ్ పట్టించుకుని ఇంటికి రప్పించారు. కానీ అన్ని వీడియోలూ మంత్రి కంట పడవు. అక్కని ఎంబసీ షెల్టర్‌కి చేర్చింది విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో మేం పెట్టిన ఫిర్యాదు. దానికి పాస్‌పోర్టు నంబరు కావాల్సి వచ్చింది, వీసా కాపీ కావాల్సి వచ్చింది. మా పాత ఫైల్లో జిరాక్స్ మిగిలి ఉండబట్టి సరిపోయింది.

పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్‌లో 2015లోనే చట్టం వచ్చింది. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ ఏజెంటు ఆ ముక్క చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను. కాపీలు ఫొటో తీసి తమ్ముడికో చెల్లెలికో పంపించాకే షాపు దాటనిస్తాను. వీడియో వస్తే ముందు ఫిర్యాదు, ఆ తర్వాతే గ్రూపులు, అదీ ముఖం కనిపించకుండా.

అక్క వచ్చేసి ఎనిమిది నెలలైంది. ఇంట్లో లేసు అల్లుతోంది. పోయిన ఆదివారం చర్చి బయట ఒకమ్మాయి ఫోన్ చూపించి "ఇది మీరేనా ఆంటీ?" అంది. తెర మీద అదే పచ్చ తువ్వాలు.

"కాదమ్మా" అంది అక్క. నేను పక్కనే ఉన్నాను.