తొమ్మిదో ప్రశ్న

ఇప్పుడు నాకు బాగానే ఉంది. మందు డోసు తగ్గించారు, నిద్ర పడుతోంది, నెలాఖరు లెక్కలు మళ్లీ నేనే చూస్తున్నాను. ఏడాది కిందట ఇది రాసి ఉంటే తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడూ కోపం పూర్తిగా పోలేదు కానీ చెయ్యి వణకడం లేదు.

జబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. డిప్రెషన్, దానికి తోడు పానిక్ అటాక్స్. ఒకరోజు ఆఫీసు లిఫ్టులో ఊపిరాడక కూలబడిపోయాను. అందరూ గుండెపోటనుకున్నారు. ఈసీజీ తీసి గుండెకేమీ లేదన్నారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లేసరికి మరో నెల గడిచింది. మందు పనిచెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చని, మధ్యలో సొంతంగా మానెయ్యొద్దని ఆవిడ ముందే చెప్పారు. ఐదో వారంలో ఒక పొద్దున నా అంతట నేనే లేచి తల దువ్వుకున్నాను. అది చూసి మా ఆయన గబగబా బయటికి వెళ్లిపోయారు. గోడవైపు తిరిగి ఏడ్చారని తర్వాత అక్క చెప్పింది.

నాలుగు నెలల సెలవు అయిపోవస్తుండగా మా డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆఫీసుకు పంపాను. అది చాలదన్నారు. వాళ్లు చెప్పిన సైకాలజిస్ట్ దగ్గర ఎవాల్యుయేషన్ చేయించుకుంటేనే డ్యూటీలో చేర్చుకుంటామన్నారు. దానితో పాటు నా ట్రీట్‌మెంట్ ఫైలు మొత్తం ఇవ్వాలంటూ ఒక ఫారం పంపారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో చదవకుండానే సంతకం పెట్టేశాను. దాని ఫలితం తర్వాత చెబుతాను.

ఆ ఫారం గురించి మాట్లాడుతూ హెచ్.ఆర్.లో ఒకామె ఫోన్లో అడిగింది: "ఇంకా మందులు వాడుతున్నారా? అయితే ఇంకా తగ్గలేదన్నమాట."

ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా ఆ మాటే చెవుల్లో మోగింది. డిప్రెషన్ తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగిస్తారు, తిరగబెట్టకుండా. అంటే మందు వేసుకుంటున్నానంటే జాగ్రత్తగా ఉన్నానని అర్థం. మా సెక్షన్లో ఒకాయన బైపాస్ చేయించుకుని వస్తే పూలగుత్తి ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. ఆయన ఇప్పటికీ రోజూ మాత్రలు మింగుతారు. ఇంకా తగ్గలేదా అని ఆయన్ని ఎవరైనా అడిగారా?

ఆ సాయంత్రం, మళ్లీ రెండు రోజులకు ఇంకోసారి, పాత ఆలోచన వచ్చింది. నేను లేకపోతే వీళ్లందరికీ పీడ విరగడవుతుందని. కాసేపు ఉండి పోయింది.

ఎవాల్యుయేషన్‌కి ముందు రాత్రి గురించి చెప్పాలంటే పీహెచ్‌క్యూ-9 గురించి చెప్పాలి. డిప్రెషన్ ఎంతుందో చూసే చిన్న ప్రశ్నావళి అది. 2001లో వచ్చింది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు, మొత్తం 27. నాకు మొదట్లో 22 వచ్చింది, చివరిసారి 6. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడుగుతుంది. రేపు ఆఫీసువాళ్లు చెప్పిన సైకాలజిస్ట్ కూడా అదే ఇస్తుందని నాకు తెలుసు. నిజం చెబితే 1 పెట్టాలి. పెడితే ఉద్యోగం ఇస్తారా?

"సున్నా పెట్టెయ్. ఎవరు చూడొచ్చారు? ముందు చేరు, మిగతాది తర్వాత చూసుకుందాం" అన్నారు మా ఆయన. ఆయన్ని తప్పు పట్టను. నాలుగు నెలలుగా ఇల్లంతా ఒక్కడే మోస్తున్న మనిషి.

ఆయన పడుకున్నాక పాత ఫారం ఒకటి తీసి పెన్సిల్‌తో నింపాను. తొమ్మిదో దానికి సున్నా చుట్టాను. చెరిపేసి ఒకటి చుట్టాను. మళ్లీ చెరిపాను. చివరికి అక్కడ కాగితం నలిగి చిరిగిపోయింది. ఆ చిరుగులోంచి కింద టేబుల్ కనిపిస్తుంటే ఎందుకో విపరీతంగా భయమేసింది. అబద్ధం చెబితే చేరాక మళ్లీ వస్తే ఎవరికి చెప్పుకోను? నిజం చెబితే రేపటినుంచి ఏం చేస్తాను? అలా తిరుగుతూ తిరుగుతూ ఆ పాత ఆలోచన మళ్లీ వచ్చి కూర్చుంది. ఈసారి పోలేదు.

రెండున్నరకి అక్కకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"ఏమే, నిద్ర పట్టలేదా?"

అంతా చెప్పాను. కాసేపు అవతల నుంచి ఏమీ వినిపించలేదు.

"ముందు మీ ఆయన్ని లేపు. లేపి పక్కన కూర్చోమను. రేపు ఆవిడకి నాకు చెప్పినట్టే చెప్పు. ఉద్యోగం పోతే పోనీయవే."

లేపాను. ఆయన ఏమీ అడగకుండా వచ్చి పక్కన కూర్చున్నారు. అక్క తెల్లారేదాకా ఫోన్ పెట్టలేదు. పెద్దగా మాట్లాడింది కూడా లేదు. అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు, పంపు కట్టేసిన చప్పుడు వింటూ ఉన్నాను. ఆ దేవుడు నాకు అక్క రూపంలోనే ఉన్నాడని నేను నిజంగా నమ్ముతాను.

సైకాలజిస్ట్ అన్న మొదటి మాట నాకు బాగా గుర్తుంది. "నేను మీ డాక్టర్ని కాను, మీ ఆఫీసు అడిగితే చూస్తున్నాను. పనికి సంబంధించినంత వరకే రిపోర్టులో రాస్తాను. మీ ప్రాణానికి ప్రమాదమనిపిస్తే మాత్రం ఊరుకోను." ఇంత సూటిగా నాతో అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎంఎంపీఐ-2 అనే, మనస్తత్వాన్ని అంచనా వేసే పరీక్ష ఇచ్చారు. 567 వాక్యాలు, అవును కాదు అని గుర్తు పెట్టాలి. లేని మంచితనం చూపించుకునేవాళ్లను పట్టుకునే కొలతలు కూడా అందులో ఉంటాయని తర్వాత తెలిసింది.

తొమ్మిదో ప్రశ్నకు ఒకటి చుట్టాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడిగారు. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఎలా చెయ్యాలని ఆలోచించారా, అప్పుడు ఎవరికి చెప్పారు అని. రాత్రి జరిగింది చెప్పాను. "ఇవాళే మీ డాక్టర్ని కలిసి ఇది చెప్పండి" అని నా ఎదుటే అపాయింట్‌మెంట్ ఇప్పించారు. వారం తర్వాత మళ్లీ రమ్మని చూసి, అప్పుడు రాశారు రిపోర్టు. పేజీన్నర. జబ్బు పేరు లేదు, మందు పేరు లేదు. పనికి ఫిట్, మొదటి రెండు వారాలు రోజుకు నాలుగు గంటలు, తర్వాత రెండు వారాలు ఆరు, మూడు నెలలు రాత్రిళ్లు కూర్చోబెట్టొద్దు, వారానికోసారి థెరపీకి వెళ్లనివ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇలా తిరిగొచ్చేవాళ్లకు వైద్యంతో పాటు పనిలో మార్పులు చెయ్యడాన్ని పరిశీలించాలనే ఉంది. ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మీరెవరైనా ఇలాంటి ఎవాల్యుయేషన్‌కి వెళ్తుంటే రిపోర్టు ఎవరెవరు చదువుతారో మొదటే అడగండి. ఫైలంతా ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టకండి. పని చెయ్యగలరా, ఏ సర్దుబాట్లు కావాలి, అంతవరకే రాసిమ్మని మీ డాక్టర్ని అడగండి. ఆ ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకండి. పక్కనున్న మనిషిని లేపండి, ఎవరూ లేకపోతే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి.

చేరిన రెండో వారం, మీటింగ్ అయ్యాక మేనేజర్ నన్ను ఆపి మెల్లగా అన్నాడు: "మీ నాన్నగారి విషయం తెలిసి బాధేసిందమ్మా."

నాన్న విషయం నేను థెరపిస్టుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

ఫైలు తిరిగివ్వమని మూడు ఉత్తరాలు రాశాను. రెండు నెలలకు ఒక కవర్లో పెట్టి పంపారు. మా డాక్టర్ కొట్టిన పిన్ను పీకేసి పక్కన కొత్తది కొట్టి ఉంది. జిరాక్సు తీశారా అని నాలుగో ఉత్తరం రాశాను. ఇంతవరకూ జవాబు రాలేదు.