బస్తాడు ఊక బూడిద

"అంట్లు తోముకోడానికేటమ్మా ఇంత బూడిద?" అన్నాడు నరసన్నపేట మిల్లు తాత. పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టే పొడి చేస్తామంటే నవ్వేశాడు.

మిల్లులోంచి తెచ్చినప్పుడు కారునలుపు. ల్యాబ్ ఫర్నేసులో 600 డిగ్రీల దగ్గర మిగిలిన కార్బన్ కాలిపోయి తెల్లగా తేలింది. ఉన్నదంతా దాదాపు సిలికానే, ఇసుకలో ఉండేదే. కాస్టిక్ సోడాలో మరిగించి, వడగట్టి, ఆమ్లం చుక్క చుక్క వేస్తుంటే జున్నులా గడ్డకట్టింది. కాసేపు అందరం బీకరు చుట్టూనే!

ఇక ఎండబెట్టి అమైన్ అనే అమ్మోనియా జాతి రసాయనం పట్టించాలి. గ్యాస్‌ని పట్టుకునేది అదే, సిలికా దానికి చోటిస్తుందంతే. తర్వాత వేడిచేస్తే గ్యాస్ వదిలేస్తుంది, పొడి మళ్లీ వాడుకోవచ్చు.

బూడిద ఊరికే వచ్చిందన్న సంబరం అమైన్ ధర చూడగానే సగం పోయింది. మిగతా సగం మా గైడ్ గారు తీసేశారు: "ఫర్నేసు కరెంటు బొగ్గుదే కదా, ఆ పొగ లెక్కా వెయ్యండి."