మా వార్డు కిచెన్లో తిరగమోత

మా ఊళ్ళో ఇప్పటికీ సగం మంది నేను ఇంగ్లండులో ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్నాననే అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, మన దగ్గర ఓటీ అంటే అదే మరి. నాది ఆక్యుపేషనల్ థెరపీ, అంటే జబ్బుపడ్డవాళ్ళు రోజువారీ పనులు మళ్ళీ తామే చేసుకునేలా చెయ్యడం. ఆ పేరు అనడానికి మా అమ్మకి నోరు తిరగక "మావాడు ఓటీలో" అని చెప్పేసింది, అది పెళ్ళిచూపుల దాకా అలాగే నడిచింది. తర్వాత ఒకరోజు వీడియో కాల్లో ఇవాళ ఏం చేశావురా అంటే పేషెంటుతో టీ పెట్టించానమ్మా అన్నా. కాసేపు మాట్లాడలేదు. "నాలుగున్నరేళ్ళు ఫీజులు కట్టింది ఇందుకా, ఇంట్లో ఏనాడన్నా స్టవ్ వెలిగించావా నువ్వు" అంది.

నేనుండేది ఒక మెంటల్ హెల్త్ వార్డులో. మందులు డాక్టర్లు చూస్తారు, మా పని ఏంటంటే ఈ మనిషి రేపు ఇంటికెళ్తే పొద్దున లేచి పళ్ళు తోముకుని ఇంత వండుకుని బస్సెక్కి షాపుకెళ్ళి రాగలడా లేదా, రాలేకపోతే ఎక్కడ ఆగిపోతున్నాడు, అది చూడటం, చూసి అక్కడ చెయ్యి అందించడం. మెంటల్ హెల్త్ చట్టం కింద వార్డులో ఉంచిన వాళ్ళు బయట అడుగు పెట్టాలన్నా సెక్షన్ 17 లీవ్, అంటే డాక్టరు అనుమతి, రాయించుకోవాలి. ఒక కుర్రాడితో మొదటి వారం గేటు దాకా, తర్వాత బస్టాపు దాకా, ఆ తర్వాత ఒక్క స్టాపు దూరం, ఇలా నెలన్నర తిరిగాను. బయటివాళ్ళకి అది షికారులాగే కనిపిస్తుంది.

ఇది నిన్నమొన్న పుట్టిన చదువు కూడా కాదు. ఇంగ్లండులో మొదటి ఓటీ స్కూలు 1930లో బ్రిస్టల్లో పెట్టిన ఎలిజబెత్ కాసన్ కూడా మానసిక వైద్యురాలే. మనకి 1950లో బొంబాయి కేఈఎం హాస్పిటల్లో కమలా నింబ్కర్ మొదలుపెట్టారు, ఆవిడ పుట్టుకతో అమెరికన్, మనదేశం కోడలు. అయినా మనవైపు ఈ పేరు చెప్తే ఫిజియోథెరపీ లాంటిదా అంటారు, ఔననేసి ఊరుకుంటా, ఓపిక ఉండొద్దూ.

అసలు చెప్దామనుకున్నది ఒక పెద్దావిడ సంగతి. (ఎవరో తెలియకుండా వివరాలు మార్చే రాస్తున్నా.) గుంటూరు వైపు మనిషి, భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు, 2012లో తల్లిదండ్రుల వీసా రూల్స్ బిగించకముందే. డిప్రెషన్, తిండి మానేశారు, మాట తగ్గిపోయింది. డిశ్చార్జి ముందు కిచెన్ అసెస్‌మెంట్, అంటే వంటింట్లో ఎంతవరకు చేసుకోగలరో చూసే పరీక్ష, నాకు పడింది. మా వార్డులో అందరికీ ఒకటే, టీ బ్యాగుతో టీ, టోస్టు మీద డబ్బా బీన్స్. కత్తులు తాళం వేసిన సొరుగులో ఉంటాయి, ముందు లెక్కపెట్టి తీయాలి, అయ్యాక మళ్ళీ లెక్కపెట్టి సంతకం పెట్టాలి. ఆవిడ కెటిల్ ముందు నిలబడ్డారు, అంతే. అయిదు నిమిషాలు. నేను రెండుసార్లు గుర్తుచేశాను, కప్పులో నీళ్ళు పోసి బ్యాగు వెయ్యడం మర్చిపోయారు, బీన్స్ డబ్బా అయితే ముట్టుకోనేలేదు. మా ఫారంలో ఒక్కో అంశానికి ఎఫ్, ఏ, ఐ, ఆర్ అని నాలుగు గ్రేడులు, ఎఫ్ మంచిది, ఆర్ బాగా దెబ్బతిన్నట్టు. నేను వరసగా ఆర్‌లు పెట్టుకుంటూ పోయాను.

గది సర్దుతుంటే వెనకనుంచి "అబ్బాయ్, మీరు తెలుగువాళ్ళా" అన్నారు, బ్యాడ్జి మీద ఇంటిపేరు చూసినట్టున్నారు. అవునండి ఆంటీ అన్నా. "ఆ దారం పొట్లం నీళ్ళలో ముంచితే టీ అవుతుందా నాయనా, పాలు పొంగొద్దూ" అన్నారు. వారం రోజుల్లో ఆవిడ మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

కోడలు మంచమ్మాయి, నిజంగా. విజిటింగ్‌కి వచ్చినప్పుడు అడిగితే, అత్తయ్యకి శ్రమెందుకని వంటింట్లోకే రానివ్వమండి, కూర్చోబెట్టి చూసుకుంటాం అంది, గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. నాకేమో గుండెలో కలుక్కుమంది. యాభై ఏళ్ళు పదిమందికి వండి వడ్డించిన చెయ్యి, ప్రేమగానే అయినా ఖాళీ అయిపోయింది కదా. ఇష్టం, అలవాటు, చేతనైనది, చుట్టూ ఉన్న చోటు, ఈ నాలుగూ కలిపి చూడాలని మాకు చదువులో చెప్తారు. నేను ఆవిడకి ఇష్టం లేనిది, అలవాటు లేనిది చేయించి, చేతకాదని రాసుకొచ్చాను.

నా సంగతి కూడా అప్పుడు అంత గొప్పగా ఏం లేదులెండి. మొదటి డిసెంబరు, నాలుగు కాకుండానే చీకటి, షేరింగ్ రూములో కర్టెన్ తీయకుండా పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ పోసుకుని వీకెండ్ దాటేసేవాణ్ణి. పేషెంట్లకిచ్చే వారం డైరీ షీటు ఒకటి సరదాగా నింపి చూసుకుంటే ఆదివారం మొత్తం ఫోను, నిద్ర, ఫోను. అప్పట్నుంచే శనివారాలు బస్సెక్కి శ్రీలంక తమిళాయన కొట్టుకి పోవడం అలవాటైంది, కరివేపాకు పేరు చెప్పి రెండు మాటలు మాట్లాడొచ్చని.

ఆ కొట్లోనే చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ, ఒక చిన్న బాండీ కొన్నాను. మేనేజరు సరే అంది. ఈసారి చారు. ఆవిడ చీరకొంగు దోపుకుని చింతపండు నానేసి, టమాటా చేత్తోనే చిదిమేసి, ఉప్పు వేసి, పక్కకి తిరిగి మళ్ళీ ఉప్పు వేశారు. నేను రాసుకున్నా. తిరగమోతకి ఆవాలు చిటపటలాడాక మిర్చి వేశారు, ఇంగువ వేశారు, నేనేమో గాలాడుతుందని కిచెన్ తలుపు తెరిచి పెట్టాను, ఆ ఘాటంతా కారిడార్లోకి పోయి స్మోక్ అలారం మోగింది. అంతే ఇక, వార్డు మొత్తం దగ్గు, ఫైర్ ఇంజిన్ వచ్చింది, ఒకాయన ఆవిడ చేతిలో బాండీ చూసి ఏంటిది అన్నాడు. ఆవిడ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చాను. మేనేజరుకి మెయిల్ రాయాల్సొచ్చింది, ఇన్సిడెంట్ ఫారం వేరే.

గోలంతా తగ్గాక వచ్చి చూస్తే స్టవ్ ఎర్రగా కాలుతూనే ఉంది. ఈ గలాటాలో ఎవరైనా మర్చిపోతారు కదా అని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రెండు వారాలాగి, మందులు కాస్త పట్టాక, తలుపేసుకుని మళ్ళీ చారు పెట్టించాను. ఉప్పు ఒక్కసారే వేశారు, మనిషి ఎంత చురుగ్గా ఉన్నారంటే నా చేత కొత్తిమీర కడిగించారు. కానీ స్టవ్ మళ్ళీ ఆపలేదు. బాండీ దించి పక్కన పెట్టేసి కబుర్లు చెప్తూ కూర్చున్నారు.

డిప్రెషన్లో కూడా మతిమరుపు వస్తుంది, పెద్దవాళ్ళలో అది డిప్రెషన్ వల్లో వేరే మతిమరుపు జబ్బు వల్లో తేల్చడం కష్టం. మనసు తేరుకున్నా ఆ ఒక్కటీ మిగిలిందంటే వేరే చూడాలి అని మీటింగులో చెప్పాను. కన్సల్టెంట్, అంటే మా పెద్ద డాక్టరు, రెండు చార్లకీ మధ్య తేడా ఏంటో విడమరిచి అడిగి రాసుకుని, మతిమరుపు పరీక్షించే మెమరీ క్లినిక్‌కి ఆవిడని పంపింది. టీ బ్యాగు రోజు కూడా ఆవిడ ఫెయిలే, కానీ ఆ ఫెయిల్లో ఇది కనపడేది కాదు.

ఇంటికి వెళ్ళాక ఏం చెయ్యాలన్నది కోడలితో కూర్చుని రాశాం. గిన్నె తీస్తే దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్, పొద్దున చారు అత్తగారిదే, కోడలు పక్కనుంటుంది గానీ గరిటె పట్టుకోదు. మరి ఉప్పెక్కువైతేనో అంది. తినెయ్యండి అన్నా.

మా అమ్మకి ఇదంతా చెప్తే చివరిదాకా విని, ఇంగువ ఆ దేశంలో ఎంతకి దొరుకుతుందిరా అని అడిగింది. మా వార్డు కిచెన్ తలుపుకి మాత్రం ఇప్పుడొక లామినేట్ చేసిన నోటీసుంది, మిర్చి వేయించేటప్పుడు తలుపు మూసి ఉంచవలెను అని ఇంగ్లీషులో. కింద ఎవరో పెన్నుతో మిరపకాయ బొమ్మ కూడా వేశారు.