సున్నా నిజంగా సున్నాయేనా?

షార్జా గ్యారేజీ అనగానే గాజువాక ఆటోనగర్‌లో మావాళ్లు ఏదో ఏసీ హాల్లో లాప్‌టాప్ ముందేసుకుని బళ్లు బాగుచేస్తామనుకుంటారు. స్కానర్లు ఉన్నమాట నిజమే. కానీ మా ఇండస్ట్రియల్ ఏరియాకి సరదా కోసం పాత టర్బో కార్లు ఉంచుకునే కుర్రాళ్లు బాగా వస్తారు. 1980ల చివరి బళ్లకి ఇప్పటి స్కానర్ పట్టే సాకెట్టే ఉండదు. చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టుకోవాల్సిందే. అలాంటప్పుడు నాకు అక్కరకొచ్చేది అంబాసిడర్ పాయింట్లు గీకి, డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ ఆటోనగర్‌లో నేర్చుకున్న పనే.

ఒకసారి మూడో తరం టయోటా సుప్రా వచ్చింది. 3 లీటర్లు, ఆరు సిలిండర్లు, 7ఎం-జీటీఈ ఇంజిన్. పికప్ లేదు, ఎండలో వేడెక్కిపోతోంది, గట్టిగా తొక్కి ఆపితే టర్బో నిప్పుకణికలా ఎర్రగా ఉంటోంది. ఆ ఇంజిన్‌కి హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోతుందని మొదట్నుంచీ చెడ్డపేరు. అంతకుముందు చూసినవాళ్లూ, మా మలయాళీ ఫోర్‌మనూ "హెడ్ దించాల్సిందే" అని తేల్చేశారు. దించితే బిల్లు కూడా బాగానే లేస్తుంది, ఆ మాట వేరే.

నాకు నమ్మకం కుదరలేదు. గాస్కెట్ పోతే కనబడే గుర్తుల్లేవు: రేడియేటర్లో బుడగల్లేవు, ఆయిల్లో తెల్లనురగ లేదు, కంప్రెషన్ ఆరింటికీ దగ్గరదగ్గరగా వచ్చింది. నా అనుమానమంతా టైమింగ్ మీదే, అంటే స్పార్క్ పడే వేళ మీదే. స్పార్క్ ఆలస్యంగా పడితే పిస్టన్‌ని తొయ్యాల్సిన మంట, ఇంకా మండుతూనే ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. బలం తగ్గుతుంది, టర్బో కాలుతుంది, హెడ్ వేడెక్కుతుంది. మరీ ముందు పడితే నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలి టకటక కొట్టడం. బూస్ట్ (టర్బో కుక్కే గాలి ఒత్తిడి) ఎక్కాక అది పిస్టన్లనే పగలగొడుతుంది. ఆ భయంతోనే చాలామంది టైమింగ్ కాస్త వెనక్కి తిప్పి వదిలేస్తారు.

ఈ బండికి చూసే పద్ధతి ఇదీ: ఇంజిన్ వేడయ్యాక, ఏసీ ఆపి, డయాగ్నస్టిక్ బాక్సులో టీఈ1, ఈ1 పిన్నులు వైరుముక్కతో కలపాలి. అప్పుడు కంప్యూటర్ తన సొంత అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకి జరపడం) మానేసి బేస్ టైమింగ్ మీద నిలబడుతుంది. అది టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకెక్కే చోటుకి, 10 డిగ్రీల ముందుండాలి. వైరు కలపకుండా చూస్తే పుల్లీ మీది గుర్తు అటూఇటూ తిరుగుతూనే ఉంటుంది. అన్నీ సరిగ్గా చేసి టైమింగ్ లైటు (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసి గుర్తుని చూపించేది) కొడితే 10 చూపించింది. పక్కనున్న పాకిస్తానీ ఉస్తాద్ "దస్ హై భాయ్, ఛోడ్ దో" అన్నాడు.

కానీ ఆ గుర్తే తప్పైతే? పాత బళ్లలో క్రాంక్ పుల్లీ రెండు ముక్కలు, మధ్యలో రబ్బరు. రబ్బరు ముసలిదైతే బయటి చక్రం జారిపోతుంది, దానిమీది సున్నా (టీడీసీ) గుర్తు అబద్ధం చెబుతుంది. పాత ప్లగ్గులో పింగాణీ కొట్టేసి, లోపల మర చేసి బోల్టు దించితే మంచి పిస్టన్ స్టాపర్ అవుతుంది. మా బావ షెడ్డులో చేసినదొకటి నా పెట్టెలో ఉంది. ప్లగ్గులన్నీ తీసి, దాన్ని ఒకటో సిలిండర్‌కి బిగించి, ఇంజిన్‌ని స్పానర్‌తో చేత్తోనే తిప్పాలి. పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ ఆగినచోట ఒక గీత, వెనక్కి తిప్పితే మళ్లీ ఆగినచోట ఇంకో గీత. రెండింటి నడిమధ్యే అసలు టీడీసీ. కొలిచాను. పుల్లీ గుర్తు సరిగ్గానే ఉంది!

ఇక మిగిలింది లైటే. మాది నాబ్ తిప్పి డిగ్రీలు చదివే డిజిటల్ రకం. ఈ ఇంజిన్‌లో ఆరు సిలిండర్లకి మూడే కాయిళ్లు. ఒక్కో కాయిల్ రెండు ప్లగ్గులకి ఒకేసారి నిప్పిస్తుంది, ఒకటి కంప్రెషన్‌లో, రెండోది ఎగ్జాస్ట్‌లో వృథాగా. అంటే ప్రతి చుట్టుకీ స్పార్క్. రెండు చుట్లకి ఒక స్పార్కే అనుకుని లెక్కకట్టే ఆ లైటు, అసలు డిగ్రీని రెట్టింపు చేసి చూపిస్తుంది. ముందు సెట్ చేసినవాళ్లూ అలాంటిదే వాడి ఉంటారు. నాబ్ లేని మామూలు లైటు తెచ్చి, గీతకి సుద్ద రాసి కొట్టాను. గుర్తు 5 దగ్గర కనబడింది.

స్పార్క్ వేళ కంప్యూటర్‌కి తెలిపే క్యామ్ పొజిషన్ సెన్సర్ బోల్టు వదులుచేసి రవ్వంత తిప్పితే 10కి వచ్చింది. వైరుముక్క తీసి యాక్సిలరేటర్ ఇస్తే గుర్తు ముందుకి పరిగెత్తింది. కంప్యూటర్ పని చేస్తున్నట్టే. 98 ఆక్టేన్ సూపర్ పోసి, ఏసీతోనే చాలాసేపు హైవే మీద తిప్పాం. వేడి ముల్లు మధ్యలోంచి కదల్లేదు, నాకింగ్ లేదు.

హెడ్ పని పోయినందుకు ఫోర్‌మన్ మొహం మాడ్చుకున్నాడు, ఆ బండివాడి స్నేహితులు వాళ్ల బళ్లు తెచ్చేదాకా. మొన్న సెలవుకొచ్చి ఇదంతా చెబితే మా బావ ఒకటే అడిగాడు: "అయితే నీకేటి ఇచ్చాడేటి?"

నెల జీతంలో మార్పేమీ లేదు బావా. కాకపోతే ఆ నాబ్ లైటు మీద నేను మార్కర్‌తో ఇంటూ గుర్తు పెట్టి, "మూడు కాయిళ్ల బండికి వాడొద్దు" అని హిందీలో రాసి అంటించాను. ఉస్తాద్‌కి హిందీ చదవడం రాదు. అతనికి నోటితోనే చెప్పాల్సొచ్చింది.